కనీస ధర సున్నా పెడితే ఇండీ గేమ్ మీద బతకొచ్చా?

ప్రశ్న ఇది: కాకినాడలో ఇద్దరు కలిసి, పెద్ద కంపెనీ ఏదీ వెనక లేకుండా (దాన్నే ఇండీ అంటారు), గేములు తయారుచేసే గోడో ఇంజిన్‌లో ఒక పజిల్ గేమ్ చేశారు. ఆడితే మూడు గంటలు పడుతుంది, టెక్స్ట్ తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉంది, చేతిలో ఆరు నెలల ఖర్చుకి డబ్బుంది. చిన్న గేములు చేసేవాళ్లు సొంతంగా పేజీ పెట్టుకునే ఇచ్.ఐఓలో "మీకు తోచినంత ఇవ్వండి" అని పెట్టి వదలాలా, పెద్ద గేమ్ దుకాణమైన స్టీమ్‌లో ధర పెట్టి అమ్మాలా, ముందే జనం దగ్గర డబ్బు పోగేసే కిక్‌స్టార్టర్‌కి వెళ్లాలా?

మొత్తం గేమ్‌ని తోచినంత పద్ధతిలో విడుదల చెయ్యకండి. మొదటి నలభై నిమిషాల భాగాన్ని విడి ఫైలుగా తయారుచేసి ఇచ్‌లో కనీస ధర సున్నాకి పెట్టండి. పూర్తి గేమ్‌ని స్టీమ్‌లోనూ ఇచ్‌లోనూ స్థిరమైన ధరకి అమ్మండి. తోచినంత పద్ధతిని విడుదలైన ఏడాదికి, ఒక్క వారం పాటు వాడుకోండి. కిక్‌స్టార్టర్ మీకు దారి కాదు, ఎందుకో కింద చెప్తాను.

ఈ పద్ధతి గొప్పగా పనిచేసిందని అందరూ చూపించే మొదటి ఉదాహరణ వరల్డ్ ఆఫ్ గూ అనే పజిల్ గేమ్. 2009 అక్టోబరులో, గేమ్ వచ్చి ఏడాదైన సందర్భంగా, దాన్ని చేసిన 2డీ బాయ్ వాళ్లు ఆ 20 డాలర్ల గేమ్‌ని ఒక వారం పాటు ఎంతకైనా ఇచ్చారు. కనీసం ఒక్క సెంటు కట్టాలి. ఆ వారంలో సుమారు 57 వేల మంది కొన్నారు, సగటు 2.03 డాలర్లు. అందులో దాదాపు 17 వేల మంది కట్టింది ఒక్క సెంటే, ఆ సెంటు కూడా పేపాల్ రుసుముకే పోయింది. అయినా లక్ష డాలర్లు దాటింది, అదే వారం స్టీమ్‌లో దాని మామూలు అమ్మకాలు కూడా సుమారు 40 శాతం పెరిగాయి.

ఇది చదివి చాలామంది తీసుకునే పాఠం "జనం మంచివాళ్లు, వదిలేస్తే వాళ్లే ఇస్తారు" అని. అది కాదు పాఠం. ఆ గేమ్ అప్పటికే ఏడాదిగా 20 డాలర్లకి అమ్ముడవుతోంది. అంటే కొనేవాడి మనసులో దాని విలువ ముందే కుదురుకుంది, రెండు డాలర్లు కట్టినవాడికి తనకి పెద్ద లాభం దక్కిందని తెలుసు. వారం దాటితే అవకాశం పోతుందనీ తెలుసు. పైగా పూర్తి ధరకి కొనగలిగిన వాళ్లలో ఎక్కువమంది ముందే కొనేశారు, ఈ వారం వచ్చింది మిగిలినవాళ్లు. మీ గేమ్‌కి ఈ మూడింటిలో ఏదీ లేదు. ఎవరూ చూడని కొత్త గేమ్‌కి ధర దగ్గర సున్నా అని రాస్తే, చూసినవాడికి ఆ గేమ్ గురించి తెలిసే మొదటి సంగతి అదే అవుతుంది.

ఈ పద్ధతి మీద నాకు తెలిసినంతలో అన్నిటికన్నా ఉపయోగపడే ప్రయోగం గేముల్లో జరగలేదు. అయెలెట్ గ్నీజీ, యూరీ గ్నీజీ, లీఫ్ నెల్సన్, అంబర్ బ్రౌన్ ఒక వినోద పార్కులో రైడ్ ఎక్కినవాళ్ల ఫొటోలు అమ్మి చూశారు, ఫలితాలు 2010లో సైన్స్ పత్రికలో వచ్చాయి. లక్షా 13 వేల మంది మీద చేసిన ప్రయోగం. స్థిర ధర 12.95 డాలర్లు అన్నప్పుడు కొన్నది 0.5 శాతం. తోచినంత ఇవ్వండి అన్నప్పుడు 8.39 శాతం కొన్నారు, కానీ సగటు 92 సెంట్లు. తోచినంత ఇవ్వండి, అందులో సగం సేవా సంస్థకి వెళ్తుంది అన్నప్పుడు కొనేవాళ్లు 4.49 శాతానికి తగ్గారు, సగటు మాత్రం 5.33 డాలర్లకి లేచింది.

దీన్ని వెయ్యి మందికి లెక్కకట్టి చూడండి. స్థిర ధరకి సుమారు 65 డాలర్లు. తోచినంతకి 77. సేవా సంస్థ కలిస్తే 239, అందులో సగం తీసేసినా చేతికి దాదాపు 120. ఇక్కడ చూడాల్సింది 8.39 నుంచి 4.49కి పడిపోయిన శాతాన్ని. డబ్బు మంచి పనికి వెళ్తుందని తెలిశాక ఒక్క డాలరు ఇవ్వడానికి మనసొప్పక, అసలు కొనకుండానే వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. అంటే మనిషి ఇక్కడ కట్టేది వస్తువు ధర కాదు, "నేనెలాంటివాణ్ణి" అన్న ప్రశ్నకి జవాబు. ఆ ప్రశ్న మీ పేజీ వాణ్ణి అడగకపోతే వాడు సున్నా కట్టి వెళ్లిపోతాడు, అందులో వాడి తప్పేమీ లేదు.

హంబుల్ ఇండీ బండిల్ సరిగ్గా ఆ ప్రశ్నే అడిగింది. 2010 మే నెలలో వుల్ఫైర్ గేమ్స్‌కి చెందిన జెఫ్రీ రోజెన్, జాన్ గ్రాహం దాన్ని మొదలుపెట్టారు. వరల్డ్ ఆఫ్ గూ, అక్వేరియా, గిష్, లుగారు, పెనంబ్రా కలిపి ఒక కట్ట. లక్షా 38 వేల మందికి పైగా కట్టారు, మొత్తం 12.7 లక్షల డాలర్లు దాటింది, మనిషికి సగటున సుమారు 9 డాలర్లు. పేజీలో స్లైడర్లుండేవి: మీరిచ్చేదాంట్లో గేమ్ చేసినవాళ్లకెంత, ఇంటర్నెట్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌కెంత, పిల్లల ఆసుపత్రులకి సాయం చేసే చైల్డ్స్ ప్లేకెంత, కొనేవాడే పంచుకోవచ్చు. విండోస్, మ్యాక్, లైనక్స్ వాడేవాళ్ల సగటులు విడివిడిగా కనిపించేవి, లైనక్స్ వాళ్లు విండోస్ వాళ్లకి దాదాపు రెట్టింపు కట్టారు. తమకోసం గేములు చేసేవాళ్లున్నారంటే వాళ్లని నిలబెట్టాలన్న పట్టుదల అది. రెండో బండిల్‌లో "సగటు కన్నా ఎక్కువ కడితే మొదటి బండిల్ కూడా మీదే" అన్నారు. ఆ ఒక్క వాక్యం ఈ పద్ధతికి అసలు చట్రం ఇచ్చింది: తోచినంత ఇవ్వు, కానీ ఇదిగో ఒక గీత, దాటితే ఇది వస్తుంది. ఆ తర్వాత స్టీమ్ కీలు (స్టీమ్‌లో గేమ్‌ని తెరిచే కోడ్లు) కావాలంటే కనీసం ఒక డాలరు కట్టాలన్న నిబంధన పెట్టారు. సెంటుకి కీలు కొని దుర్వినియోగం చేసేవాళ్లు తయారయ్యారు కాబట్టి అది తప్పలేదు.

ఇక మీ పేజీ దగ్గరికి వద్దాం. ఇచ్‌లో ధర భాగంలో మూడు ఎంపికలుంటాయి: అసలు డబ్బు తీసుకోకపోవడం, సున్నా లేదా తోచినంత, కనీస ధరతో అమ్మడం. మధ్యది ఎంచుకుంటే డౌన్‌లోడ్ నొక్కినప్పుడు ఒక పెట్టె వస్తుంది. అందులో ముందే నింపి ఉన్న మొత్తం, కింద "వద్దు, డౌన్‌లోడ్‌కి తీసుకెళ్లండి" అన్న చిన్న లింకు. ఆ ముందే నింపిన అంకెని మీరు మార్చకపోతే 2 డాలర్లు ఉంటుంది. చాలామంది దాన్ని అలాగే వదిలేస్తారు. మార్చండి, ఎందుకంటే ఆ అంకె దగ్గర చాలా డబ్బు పోతోంది.

కార్డు చెల్లింపుకి అమెరికాలో మామూలుగా పట్టుకునేది 2.9 శాతం, దానిపైన 30 సెంట్లు. ఇచ్ వాటా మీరు మార్చకపోతే 10 శాతం (2015 నుంచి ఆ వాటా ఎంతన్నది అమ్మేవాడి ఇష్టమే, సున్నా కూడా పెట్టొచ్చు, కానీ ఆ వేదిక నిలబడాలంటే పదిలోనే ఉంచండి). ఈ లెక్కన 1 డాలరు కడితే మీకు మిగిలేది 57 సెంట్లు. 2 డాలర్లకి 1.44. 5 డాలర్లకి 4.05. 10 డాలర్లకి 8.41. శాతం ఎప్పుడూ ఒక్కటే, చిన్న మొత్తాల్ని తినేసేది ఆ 30 సెంట్లు. అందుకే సూచించే మొత్తం 5 డాలర్లు పెట్టండి. కొందరు దాన్ని చూసి సున్నాకి వెళ్తారు, వాళ్లలో ఎక్కువమంది రెండు డాలర్ల దగ్గరా సున్నాకే వెళ్లేవాళ్లు.

ఇప్పుడు బతుకు లెక్క. ఇద్దరికీ కలిపి నెలకి 60 వేల రూపాయలు కావాలనుకుందాం, డాలరు 85 రూపాయలనుకుందాం. ఒక్కొక్కరు 5 డాలర్లు కడితే చేతికొచ్చేది 344 రూపాయలు, నెలకి 175 మంది కట్టాలి. 2 డాలర్లే కడితే 490 మంది కావాలి. డౌన్‌లోడ్ చేసిన ప్రతి వందమందిలో ఇద్దరు కడతారనుకుంటే (ఇది లెక్క కోసం తీసుకున్న అంకె, మీ పేజీలో అసలు ఎంతుందో రెండు వారాల్లో మీకే కనపడుతుంది) నెలకి 8,750 డౌన్‌లోడ్లు, రెండు డాలర్ల దగ్గరైతే 24,500. ఒక్క నెల కాదు, ప్రతి నెలా. పజిల్ గేమ్‌కి మొదటి వారం తర్వాత వచ్చేవాళ్లు బాగా పడిపోతారు. ఇలాంటి లెక్కలో సగటుని నమ్మకండి. ఎవరో ఒక్కరు 50 డాలర్లు కడితే సగటు లేచి కూర్చుంటుంది, వచ్చే నెల ఆ ఒక్కరు రారు. కట్టిన మొత్తాలన్నీ వరసగా పెట్టి మధ్యలో ఉన్నది చూడండి.

పేజీ కట్టేటప్పుడు సాధారణంగా జరిగే పొరపాట్లు కొన్ని చెప్తాను. గేమ్‌ని బ్రౌజర్‌లోనే ఆడేలా పెడితే ఎవరూ డౌన్‌లోడ్ నొక్కనక్కర్లేదు, డబ్బు అడిగే పెట్టె ఎవరికీ కనపడదు. గోడో నుంచి వెబ్‌కి ఎగుమతి తేలిక కాబట్టి ఈ పొరపాటు మరీ ఎక్కువ. రెండు మూడు లెవెళ్లు మాత్రమే బ్రౌజర్‌లో ఉంచి, నలభై నిమిషాల భాగాన్ని డౌన్‌లోడ్‌గా పెట్టండి. ఇంకోటి: ఇచ్‌లో ఒకే పేజీలో ఒక్కో ఫైలుకి వేరే కనీస ధర పెట్టొచ్చు. ఈ నలభై నిమిషాల భాగం సున్నాకి, సంగీతం, బొమ్మల పుస్తకం, పజిల్స్ ఎలా తయారయ్యాయో చూపించే పీడీఎఫ్ కలిపి 6 డాలర్లకి. హంబుల్ గీసిన గీత మీ పేజీలో ఇదే. డబ్బులు ఎలా తీసుకోవాలన్న చోట రెండు దారులుంటాయి. నేరుగా మీ పేపాల్‌కి వచ్చేది ఎంచుకుంటే అమ్మినవాడు మీరే అవుతారు, యూరప్ వ్యాట్ మీ నెత్తిన పడుతుంది, కార్డు వివాదాలూ మీరే చూసుకోవాలి. ఇచ్ వసూలు చేసి తర్వాత చెల్లించే దారి ఎంచుకోండి. డబ్బు కొన్ని రోజులు ఆగి వస్తుంది, కానీ వ్యాట్ గొడవ ఇచ్ చూసుకుంటుంది.

ఉచితంగా తీసుకెళ్లినవాడి వల్ల మీకు జరిగే అసలు నష్టం డబ్బు కాదు. వాడి ఈమెయిల్ మీ దగ్గరుండదు, పూర్తి గేమ్ వచ్చినప్పుడు వాడికి చెప్పే దారి లేదు. అందుకే ఆ నలభై నిమిషాల భాగం చివరి తెరలో స్టీమ్ విష్‌లిస్ట్ బటన్ (నొక్కినవాళ్లకి గేమ్ వచ్చినప్పుడు స్టీమే కబురు పంపుతుంది) పెద్దదిగా పెట్టండి. డబ్బు ఇవ్వనివాడు విష్‌లిస్ట్ ఇస్తే, ఆ సున్నా వృథా పోలేదు.

ఉచితంగా ఇస్తూనే నిలబడ్డవాళ్లని చూస్తే అందరిదీ ఒకటే అమరిక. డోకీ డోకీ లిటరేచర్ క్లబ్ అనే గేమ్ 2017 సెప్టెంబరులో వచ్చింది. ఇచ్‌లో తోచినంత, 10 డాలర్లు, ఆపైన కడితే ఫ్యాన్ ప్యాక్ (అదనపు బొమ్మలు, సంగీతం లాంటివి). స్టీమ్‌లో గేమ్ ఉచితం, అదే ప్యాక్ 9.99కి విడిగా. పేరొచ్చాక 2021లో కొత్త కథలు చేర్చిన ప్లస్ వెర్షన్ని 14.99కి అమ్మారు. మైండస్ట్రీ అనే గేమ్ ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూడొచ్చు), ఇచ్‌లో తోచినంత, స్టీమ్‌లో ధర. అదే గేమ్‌కి స్టీమ్‌లో డబ్బెందుకు కడతారంటే, అప్‌డేట్లు వాటంతటవే రావడం, స్నేహితులతో కలిసి ఆడడం, లైబ్రరీలో ఉండడం కోసం. సౌకర్యానికి కడతారు.

డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అనే గేమ్ కథ మాత్రం నిదానంగా చూడాలి. టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అన్నదమ్ములు 2006లో దాన్ని ఉచితంగా విడుదల చేశారు. పదహారేళ్లు అభిమానులు పంపిన డబ్బు మీదే నడిపారు. డబ్బు పంపినవాళ్లకి క్రేయాన్‌తో గీసిన బొమ్మో, రాసిన చిన్న కథో పంపేవాళ్లు. ప్రతి నెలా ఎంతొచ్చిందో బయటికి చెప్పేవాళ్లు. ఆ నిజాయితీ వల్లే అన్నేళ్లు నడిచింది, కానీ ఎక్కువ నెలల్లో అది ఇద్దరి జీవనానికి సరిపోయేంతే. 2019లో స్టీమ్ వెర్షన్ ప్రకటించినప్పుడు వైద్య ఖర్చుల్ని కారణంగా చెప్పుకున్నారు. 2022 డిసెంబరు 6న బొమ్మలతో, సంగీతంతో 29.99 డాలర్లకి స్టీమ్‌లోకి వచ్చింది, ఏడాది ముగిసేలోపు దాదాపు 5 లక్షల కాపీలు పోయాయి. 2023 జనవరి నెలకి వాళ్లు ప్రకటించిన ఆదాయం 72 లక్షల డాలర్లకి పైనే. బొమ్మల బదులు అక్షరాలతోనే నడిచే పాత వెర్షన్ ఇప్పటికీ ఉచితమే. పదహారేళ్లలో ఆ ఆటని ప్రేమించిన జనం కట్టడానికి ఎప్పుడూ సిద్ధంగానే ఉన్నారు, కట్టడానికి ఒక మామూలు ధర, ఒక మామూలు బటన్ వాళ్లకి దొరకలేదంతే. తోచినంత ఇవ్వండి అనడం వినయంలా కనిపిస్తుంది గానీ, ఎంతివ్వాలో తేల్చుకునే భారాన్ని ఎదుటివాడి మీద వేస్తుంది. చాలామంది ఆ భారం మొయ్యలేక సున్నాకి వెళ్తారు. ధర చెప్పడంలో మొహమాటం అక్కర్లేదు.

స్టీమ్‌లో తోచినంత అన్న ఏర్పాటే లేదు. ధర ఉండాలి, లేదా ఉచితం. ఒక్కో గేమ్‌కి 100 డాలర్లు ముందు కట్టాలి, అమ్మకాలు 1,000 డాలర్లు దాటాక అది తిరిగి వస్తుంది. వాటా 30 శాతం. విడుదలకి కనీసం రెండు వారాల ముందు "త్వరలో" పేజీ ఉండాలి. అది కనీసం మాత్రమే, మీరు ఇప్పుడే, ఆరు నెలల ముందే పెట్టండి. ఫిబ్రవరి, జూన్, అక్టోబరుల్లో రాబోయే గేముల డెమోలతో స్టీమ్ జరిపే నెక్స్ట్ ఫెస్ట్‌లో ఒక గేమ్‌కి ఒక్కసారే చోటు, మీ విడుదలకి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోండి. కీల విషయంలో జాగ్రత్త: స్టీమ్ ఉచితంగా ఇచ్చే కీలని బయట అమ్ముకోవచ్చు, కానీ స్టీమ్‌లో కొనేవాళ్లకి మరీ అన్యాయమైన బేరం కాకూడదు, బయట తగ్గింపు ఇస్తే కొద్దికాలంలో వాళ్లకీ అలాంటిదే ఇవ్వాలి. కాబట్టి ఇచ్‌లో తోచినంత వారం పెట్టినప్పుడు స్టీమ్ కీ కలపకండి, డీఆర్ఎం (కాపీ కాకుండా వేసే తాళం) లేని ఫైలు ఒక్కటే ఇవ్వండి. కలిపితే ఆ కీలు మర్నాటికి కీలు తిరిగి అమ్మే సైట్లలో కనిపిస్తాయి.

పన్ను ఫారాల దగ్గర ఒక్క గంట కూర్చుంటే చాలా డబ్బు మిగులుతుంది. అమెరికా వేదికలు బయటి దేశాల వాళ్లని డబ్ల్యూ-8 పన్ను ఫారం అడుగుతాయి (వ్యక్తి పేరు మీదైతే డబ్ల్యూ-8బెన్, సంస్థ పేరు మీదైతే వేరే రకం). పాన్ నంబరు ఇచ్చి, భారత్-అమెరికా పన్ను ఒప్పందాన్ని ఎంచుకుంటే, రాయల్టీ మీద అమెరికాలో కోత 30 శాతం నుంచి 15కి తగ్గుతుంది, అదీ అమెరికా కొనుగోళ్ల మీద మాత్రమే. ఆ కోతని ఇక్కడి రిటర్న్‌లో విదేశీ పన్ను క్రెడిట్‌గా చూపించుకోవచ్చు. దానికి వేరే ఫారం ఉంది, గడువు దాటకుండా ఆడిటర్‌తో వేయించండి. ఖాతా మీ ఇద్దరిలో ఒక్కరి పేరు మీద తెరిస్తే మొత్తం ఆదాయం ఆ ఒక్కరి పాన్‌లో పడుతుంది, రెండోవాళ్లకి ఇచ్చేది ఏ పద్దులో రాయాలన్న తలనొప్పి వస్తుంది. మొదటి రూపాయి రాకముందే భాగస్వామ్య పత్రం రాసుకుని గానీ, ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) పెట్టుకుని గానీ, ఖాతా దాని పేరు మీద తెరవండి. గేమ్ హక్కులు ఎవరివి, ఒకరు మధ్యలో మానేస్తే వాటా ఎంత అన్నది కూడా ఆ పత్రంలోనే రాయండి. స్నేహితులే కదా అని వదిలేసే విషయం కాదు.

"విరాళం" అన్న మాట మీ పేజీలో ఎక్కడా వాడకండి. భారతదేశంలో పేపాల్ వ్యాపార ఖాతాకి విదేశాల నుంచి వచ్చే ప్రతి చెల్లింపూ ఒక వస్తువుకో సేవకో ఎదురుగా ఉండాలి, దానికో పర్పస్ కోడ్ (డబ్బు దేనికొచ్చిందో చెప్పే గుర్తు) ఉంటుంది. విదేశీ విరాళాలు వేరే చట్టం కిందికి వెళ్తాయి, బ్యాంకు ఆపి ప్రశ్నలడగడం మొదలుపెడితే నెలలు పోతాయి. మీరు అమ్ముతున్నది గేమ్, వాళ్లు కడుతున్నది దాని ధర, ఆ ధరని నిర్ణయించుకునే స్వేచ్ఛ వాళ్లకిచ్చారు, అంతే. "ధర మీ ఇష్టం" అని రాయండి. బ్యాంకు ఇచ్చే విదేశీ చెల్లింపు పత్రాలు ప్రతి ఒక్కటీ దాచుకోండి. సేవల మీద జీఎస్టీ నమోదు హద్దు ఏడాదికి 20 లక్షలు, ఎగుమతులూ ఆ లెక్కలోకే వస్తాయి. హద్దు దాటేలా ఉంటే నమోదై, ఎల్‌యూటీ (ఎగుమతిదారు ఇచ్చే హామీ పత్రం) వేసి, ఎగుమతుల్ని పన్ను లేకుండా చూపించాలి.

తెలుగులో ఆడేవాళ్ల గురించి ఒక మాట. మీ తెలుగు టెక్స్ట్ చూసి వచ్చేవాళ్లలో చాలామందికి విదేశీ చెల్లింపులు చేసే కార్డు ఉండదు, ఫోన్‌లో యూపీఐ ఉంటుంది. ఇచ్ వాళ్లని ఆ మెట్టు దగ్గరే పోగొట్టుకుంటుంది. పూర్తి గేమ్‌ని తోచినంతకి ఇవ్వొద్దన్న మాటకి ఇదో మినహాయింపు: ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే రేజర్‌పే లాంటి గేట్‌వేలో ఒక చెల్లింపు పేజీ పెట్టి, మొత్తం కొనేవాడే నింపేలా చేసి, కనీసం 49 రూపాయలు ఉంచండి. రుసుము సుమారు 2 శాతం, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ. అంటే 49లో పోయేది రూపాయి చిల్లర. డాలర్ల దగ్గర చిన్న మొత్తాన్ని తినేసిన ఆ 30 సెంట్ల గొడవ ఇక్కడ లేదు, అందుకే తోచినంత పద్ధతి చిన్న మొత్తాలతో నిజంగా కుదిరే చోటు యూపీఐ. ఫైలు అందించడానికి కొత్తగా ఏమీ కట్టనక్కర్లేదు: ఇచ్‌లో మీ గేమ్‌కి డౌన్‌లోడ్ కీలు ముందే ఓ వంద తయారుచేసి పెట్టుకోండి, చెల్లింపు రాగానే ఒక కీ ఈమెయిల్‌లో పంపండి. రోజుకి పదిలోపు ఉన్నంతకాలం చేత్తో పంపొచ్చు. పేజీలో మాత్రం "24 గంటల్లో పంపుతాం" అని రాయండి, వెంటనే వస్తుందనుకున్నవాడు అరగంటకే డబ్బు వెనక్కి అడుగుతాడు.

కిక్‌స్టార్టర్‌లో ప్రాజెక్టు పెట్టగల దేశాల్లో భారత్ లేదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అన్నయ్య పేరు మీద పెడదామన్న ఆలోచన మనవాళ్లకి వెంటనే వస్తుంది. వద్దు. ఆ డబ్బు అమెరికా పన్ను లెక్కల్లో ఆయన ఆదాయం అవుతుంది, గేమ్ ఆలస్యమైతే మాట ఇచ్చినవాడు ఆయనే, ఆయన హెచ్-1బీ మీద ఉంటే ఉద్యోగం బయటి వ్యాపారం వీసాకే ముప్పు. మీ మూడు గంటల గేమ్ కోసం ఒక కుటుంబాన్ని ఆ ఇబ్బందిలో పెట్టడం సరికాదు. దేశం సంగతి పక్కన పెట్టినా, అక్కడ గెలిచేది ముందే జనం ఉన్నవాళ్లు. ఫ్రైడే నైట్ ఫంకిన్ అనే గేమ్ 2021లో 60 వేల డాలర్లు అడిగి 22 లక్షలు దాటింది, ఎందుకంటే ఉచిత వెర్షన్ని అప్పటికే ఇంటర్నెట్ అంతా ఆడేసింది. పుణె వాళ్ల రాజీ గేమ్ 2017లో ఎలాగోలా అక్కడికి వెళ్లినా లక్ష్యం చేరుకోలేదు, 2020లో పబ్లిషర్ (డబ్బు పెట్టి, ప్రచారం చేసి విడుదల చేసే సంస్థ) తోడుతో వచ్చి నిలబడింది. డబుల్ ఫైన్ అనే గేమ్ స్టూడియో 2012లో 4 లక్షల డాలర్లు అడిగితే 33 లక్షలు వచ్చాయి. డబ్బుతో పాటు గేమ్ కూడా పెరిగిపోయి, రెండు ముక్కలుగా విడుదలై, రెండోది 2015కి గానీ రాలేదు.

అభిమానులు నెలనెలా డబ్బు కట్టే పేట్రియాన్, నెలనెలా కొత్తదేదో ఇవ్వగలవాళ్లకి. పజిల్ గేమ్ ఒక్కసారి అయిపోయే వస్తువు, నెలనెలా కట్టడానికి కారణం ఉండదు. ఇక్కడి కార్డులకి 2021 అక్టోబరు నుంచి ఆటో డెబిట్ నిబంధనలు వచ్చాక నెలసరి కోతలు తరచూ ఆగిపోతుంటాయి కూడా.

పబ్లిషర్ అడ్వాన్సు ఇస్తానంటే మాత్రం వినండి, ఒప్పందంలో ఒక్క వాక్యం దగ్గర ఆగండి. "50-50" అన్న మాటకి రెండు అర్థాలున్నాయి. అడ్వాన్సు 20 వేల డాలర్లు, ప్రచారానికి 30 వేలు, వేదిక కోత పోగా వచ్చింది లక్ష అనుకోండి. మొత్తంలోంచి ముందు 50 వేలు పబ్లిషర్ తీసుకుని మిగతా 50 వేలు చెరిసగం అంటే మీకు 25 వేలు, అడ్వాన్సుతో కలిపి 45 వేలు. మొదటి డాలరు నుంచీ చెరిసగం, కానీ వాళ్లు పెట్టిన 50 వేలూ మీ సగంలోంచే రాబట్టుకుంటారు అంటే మీకు ఆ అడ్వాన్సు 20 వేలే, ఇంకేమీ రాదు. కాగితం మీద రెండూ 50-50గానే ఉంటాయి. రికూప్ (పెట్టిన ఖర్చు రాబట్టుకోవడం) ఎవరి వాటాలోంచి అన్నది స్పష్టంగా రాయించండి, ప్రచార ఖర్చుకి పైహద్దు పెట్టించండి. లెక్కలు తనిఖీ చేసే హక్కు, ఇన్నేళ్లకి హక్కులు తిరిగి మీకు వస్తాయన్న తేదీ కూడా ఉండాలి. తర్వాతి గేమ్ మీద వాళ్లకి ముందు హక్కు అడిగితే తీసెయ్యమనండి.

ఆరు నెలల్లో వరస ఇలా పెట్టుకోండి. మొదటి నెలలోనే భాగస్వామ్య పత్రం, డబ్ల్యూ-8 ఫారం, స్టీమ్ పేజీ. రెండో నెలలో నలభై నిమిషాల భాగం ఇచ్‌లో, సున్నా కనీసం, సూచన 5 డాలర్లు, చివర్లో విష్‌లిస్ట్ బటన్. రెండు వారాలు అంకెలు రాసుకోండి: పేజీ చూసినవాళ్లు, డౌన్‌లోడ్లు, కట్టినవాళ్లు, మధ్యలో ఉన్న మొత్తం. కట్టినవాళ్లు వందకి ఒకరు కూడా లేకుండా ఆడినవాళ్ల వ్యాఖ్యలు బాగుంటే తప్పు పేజీది, స్క్రీన్‌షాట్లూ మొదటి రెండు వాక్యాలూ మార్చండి. వ్యాఖ్యలే లేకపోతే తప్పు మొదటి పది నిమిషాల ఆటది, ధరని ముట్టుకోకండి, మొదటి మూడు పజిల్స్ మళ్లీ కట్టండి. పూర్తి గేమ్ ధర 7.99 డాలర్ల దగ్గర మొదలుపెట్టండి. భారత్‌కి స్టీమ్ సూచించే రూపాయి ధర చూసి, ఇంకా తగ్గించాలనిపిస్తే విడుదలకి ముందే తగ్గించండి. విడుదలయ్యాక మూల ధర తగ్గిస్తే మొదటి వారం కొన్నవాళ్లే ముందు బాధపడతారు, మీ గేమ్ గురించి పదిమందికి చెప్పేది కూడా వాళ్లే.